బోటు ఇంజిన్ ఆగిపోతే తర్వాత ఏంటి? గోదారి పడవల్లోంచి గెడ, లంగరు ఎలా పోయాయి

ద్రాక్షారామం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ లేటయింది, తెలుసు. కారణం మా మావయ్య కొన్న సెకండ్ హ్యాండ్ బోటు. రెండు నెలలుగా నా శని ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఎలాగూ పోయాయి కదా అని, దాని మీదే ఎపిసోడ్ చేస్తున్నాను. ఇంజిన్ రిపేరు వీడియో అనుకుని వచ్చినవాళ్ళకి రిపేరు కూడా ఉంది, కానీ నేను చెప్పాలనుకున్నది చరిత్ర.

మా మావయ్యకి కోటిపల్లి అవతల లంకలో కొంచెం భూమి ఉంది. కొబ్బరి, అరటి, కొద్దిగా కూరగాయలు. మా ఊరి నుంచి కోటిపల్లి పది పన్నెండు కిలోమీటర్లు. అక్కడ గౌతమి దాటాలి. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు ఉంది, కార్లు కూడా ఎక్కించుకుని తీసుకెళ్తుంది, చూసే ఉంటారు. కానీ లంకలోకి పంటు రాదు కదా. సొంత పడవ ఉండాలి. అద్దె పడవలతో విసిగిపోయి మావయ్య ఒక ఫైబర్ బోటు కొన్నాడు. అందులో రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఆ ఇంజిన్ బోటు కోసం పుట్టింది కాదు. అంతకు ముందు ఎక్కడో జనరేటర్‌కి పనిచేసింది. దాని వెనక పాత వ్యాను గేర్‌బాక్స్. దాని వెనక షాఫ్టు, షాఫ్టు చివర ఫ్యాను. ప్రొపెల్లర్ అంటే మా వైపు ఎవరూ పట్టించుకోరు, ఫ్యాను అనాలి.

అమ్మినాయన నడిపి చూపించాడు. చాలా బాగా నడిచింది. ఇది గుర్తుపెట్టుకోండి, బాగా నడవడానికి ఒక కారణం ఉంది.

బోటు తెచ్చిన రోజు రేవులో ఒక ముసలాయన వచ్చి చూశారు. పాతకాలం సరంగు, ఎనభై దాటాయి. ఇంజిన్ వైపు చూడనే లేదండి. చుట్టూ ఒకసారి తిరిగి, "ఏవయ్యా, లంగరేదీ? గెడేదీ?" అన్నారు. మావయ్య నవ్వి, "ఇంజినుంది కదండీ బాబాయిగారూ" అన్నాడు. ఆయన ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు తన పాత లంగరు, దానికి కట్టిన బారెడు బారెడు తాడు మనవడితో పంపించారు. మావయ్య మొహమాటానికి బోటులో ఓ మూల పడేశాడు.

జూలైలో ఎర్రనీళ్ళు వచ్చాయి. పెద్ద వరద కాదు, కానీ లాగుడు బాగానే ఉంది. లంక నుంచి అరటి గెలలు వేసుకుని వస్తున్నాం. నేను, మావయ్య, ఇద్దరు కూలీలు. ఏటి మధ్యకి వచ్చేసరికి ఇంజిన్ శబ్దం మారింది. పైకీ కిందకీ ఊగినట్టు, దమ్ము తీసుకుంటున్నట్టు. రెండు నిమిషాలు అలా అని, ఆగిపోయింది. ఇంజిన్ ఆగాక గోదారి శబ్దం వినిపిస్తుందండి. అప్పటిదాకా అంత శబ్దం అక్కడ ఉందని మనకి తెలీదు.

మావయ్య హ్యాండిల్ తిప్పుతున్నాడు. రెండుసార్లు అందుకుని మళ్ళీ ఆగింది. బోటు అడ్డం తిరిగింది, దిగువకి పోతోంది. దిగువన ఇసుక మేట, దానికి గుచ్చుకున్న ఎండు చెట్టు. ఆ కూలీల్లో ఒకాయన ఎవరూ చెప్పకుండానే లేచి ఆ లంగరు విసిరేశాడు. తాడు జరజరా పోయింది, పోయింది, పట్టింది. బోటు ముక్కు ఎగువకి తిరిగి నిలబడింది. ఆ తాడు అంత పొడుగు ఎందుకో నాకు తర్వాత తెలిసింది. లోతుకి ఐదింతలైనా తాడు వదలాలట. తక్కువ వదిలితే తాడు నిటారుగా లాగి లంగరుని అడుగు నుంచి ఊడదీస్తుంది. పొడుగ్గా వదిలితే లంగరు పడుకుని మట్టిని కరుచుకుంటుంది. గంట తర్వాత ఇంకో పడవ వచ్చి మమ్మల్ని లాక్కెళ్ళింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఏ సిస్టమ్ డిజైన్ చేసినా మేం మొదట అడిగే ప్రశ్న: ఇది పడిపోతే తర్వాత ఏంటి? ఒక్క చోట తేడా వస్తే మొత్తం పడిపోయేలా ఉంటే దాన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. మావయ్య బోటు అచ్చంగా అదే. మరి రెండు వందల ఏళ్ళుగా పడవలు నడిపిన ఊళ్ళల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదా? అడిగారు. ముసలాయన అడిగారు కదా. మరి ఎక్కడ మర్చిపోయాం?

కాస్త వెనక్కి వెళ్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలుగా. కాటన్ దొర గురించి మనం చెప్పుకునేది పంటల గురించే. కానీ ఆయన మనసులో పొలం ఎంత ఉందో పడవ అంత ఉంది. కాలువలు తవ్వించింది నీళ్ళు పారడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. అందుకే ఆ లాకులు. రైలు కంటే నీటి మీద రవాణా చవక అని ఆయన జీవితమంతా వాదిస్తూనే ఉన్నారు. కాకినాడ నుంచి బయల్దేరి ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా పడవలో వెళ్ళే దారి ఒకప్పుడు నిజంగా ఉండేది. ఆ దారినే 2008లో జాతీయ జలమార్గం 4 అని ప్రకటించారు. వెయ్యి కిలోమీటర్లకి పైనే. ప్రకటించారు, సరే.

ఆ కాలువ పడవకి ఇంజిన్ లేదు. ఏముందో లెక్కపెట్టండి. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే గెడ. ఎదురు నీళ్ళయితే గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో లాగడం. ఆగాలంటే లంగరు. ఒకటి పోతే ఇంకోటి. ఎవడో కూర్చుని బ్యాకప్ ప్లాన్ రాయలేదు, పని అలా జరిగేది అంతే. దీంట్లో నేను రొమాంటిక్‌గా చెప్పడానికి ఏమీ లేదు. తాడు భుజాన వేసుకుని మైళ్ళకి మైళ్ళు లాగిన మనుషుల బతుకు అది. ఇంజిన్ వచ్చి ఆ తాడు దింపించింది, మంచిదే.

కాటన్ కల గోదారి పైభాగానికి కూడా పోయింది. ఆవిరి పడవల్లో గోదారి మీద పైకి వెళ్ళి, మధ్య భారతం పత్తిని సముద్రానికి తేవాలి. దారిలో మూడు చోట్ల రాళ్ళ అడ్డంకులు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ హేగ్ అనే ఇంజినీరు ఆనకట్ట, లాకులు కట్టించారు. భద్రాచలం వెళ్ళినప్పుడు ఆ దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ చూడొచ్చు. తక్కువ లోతులో నడిచే స్టీమర్లు తెచ్చారు. కానీ 1871లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టుని వదిలేసింది. స్టీమరు ఎంత మంచిదైనా, ఏడాదిలో సగం రోజులు గోదారిలో దానికి సరిపడా నీళ్ళుండవు, వరదొస్తే మోయలేనన్ని నీళ్ళు. ఆవిరి యంత్రం తప్పు కాదు. ఆ యంత్రం పుట్టిన నదులు వేరు, ఈ నది వేరు.

ఈ పాయింట్ నాకు మావయ్య బోటుకి చాలా దగ్గరగా కనిపించింది. వస్తున్నాను.

అదే కాలంలో సముద్రంలో ఏం జరిగిందో ఒకసారి చూడండి, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే ఉంది. 1845లో ఇంగ్లండ్‌లో రాట్లర్, అలెక్టో అని రెండు ఓడల్ని వెనకా వెనకా కట్టి లాగించారు. ఒకదానికి పక్కన చక్రాలు, ఇంకోదానికి అడుగున ఫ్యాను. ఫ్యాను ఓడ రెండోదాన్ని వెనక్కి లాక్కుపోయింది. సరే, ఫ్యాను గెలిచింది. కానీ ఆ తర్వాత నలభై ఏళ్ళకి పైగా అట్లాంటిక్ దాటే పెద్ద పెద్ద స్టీమర్లు తెరచాపలు తీసెయ్యలేదు! వెయ్యి మందిని ఎక్కించుకునే ఓడ, అంత ఇంజిన్ ఉంది, అయినా స్తంభాలు, చాపలు మోసుకు తిరిగారు. ఎందుకంటే ఇంజిన్ ఒక్కటే, షాఫ్టు ఒక్కటే. షాఫ్టు విరిగితే?

విరిగింది కూడా. 1892 డిసెంబరులో ఉంబ్రియా అనే ఓడకి సముద్రం మధ్యలో షాఫ్టు పగిలింది. రోజుల తరబడి అలా తేలుతూ ఉంటే, ఇంజినీర్లు అక్కడే, ఊగే ఓడలోనే దానికి అతుకు వేసి మెల్లగా న్యూయార్క్ చేర్చారు. అంతకు రెండేళ్ళ ముందు, 1890లో, సిటీ ఆఫ్ పారిస్ అనే ఓడలో ఒక ఇంజిన్ ఏకంగా పేలిపోయింది. ఓడ మునగలేదు. దానికి రెండు ఇంజిన్లు, రెండు ఫ్యాన్లు, మధ్యలో గోడ. అట్లాంటిక్ ఓడలు చాపల్ని నిజంగా దింపేసింది ఈ రెండు ఫ్యాన్ల ఓడలు వచ్చాకే. అంటే చూడండి, వాళ్ళు తెరచాప తీసింది ఇంజిన్ వచ్చినప్పుడు కాదు. రెండో ఇంజిన్ వచ్చినప్పుడు.

మన దగ్గర మొదటి ఇంజిన్ రాగానే తీసేశాం. అది కూడా పాత ఇంజిన్.

మనకి ఇంజిన్ ఎలా వచ్చింది? కాలువ పడవల్ని ముందు రైలు, తర్వాత లారీ మింగేశాయి. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద 1900లో రైళ్ళు మొదలయ్యాయి. కాకినాడ నుంచి మా ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ రైలు కూత వినడానికి 2004 దాకా పట్టింది. అది వేరే ఎపిసోడ్, మా తాతయ్య కోపంతో సహా. ఈలోపు ఊళ్ళల్లోకి డీజిల్ ఇంజిన్ వచ్చింది. డీజిల్ అనే జర్మన్ ఆయన 1897లో పనిచేసే ఇంజిన్ చూపించారు. 1930 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లిస్టర్ కంపెనీ పొలాల కోసం ఒక మొండి ఇంజిన్ చేసింది, తర్వాత రాజ్‌కోట్‌లో దాని నకళ్ళు వేలకొద్దీ తయారయ్యాయి. పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ 1946లో మొదలైంది. ఇవన్నీ పొలానికి నీళ్ళు తోడటానికి, పిండి మర తిప్పడానికి, కరెంటు పోతే లైటు వెలిగించడానికి. ఆ పని అయిపోయాక, లేదా కరెంటు మోటారు వచ్చేశాక, ఆ ఇంజిన్లలో కొన్ని ఏట్లోకి దిగాయి. వాటితోపాటు పాత లారీ ఇంజిన్లు కూడా. పడవని చంపిన లారీయే తన ముసలితనంలో పడవకి ఇంజిన్ ఇచ్చింది అని మావయ్య అంటాడు. కొంచెం డైలాగులా ఉంది కానీ అబద్ధం కాదు.

ఇప్పుడు రిపేరు దగ్గరికి వద్దాం. ఇంజిన్‌కి నేల మీద ఒక జన్మ అయ్యాక నీటి మీద రెండో జన్మ. మా బోటులో దొరికిన ప్రతి తేడా ఆ రెండు జన్మల మధ్య సందులోనే దొరికింది.

మొదటిది, ఆ రోజు ఆగిపోవడం. మెకానిక్ వచ్చి "ఎయిర్ పట్టింది" అన్నాడు. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ మాత్రమే వచ్చేదాకా ఆగి బిగించాడు. స్టార్టయింది. మూడు రోజులకి మళ్ళీ ఆగింది. మళ్ళీ గాలి తీశాడు. మళ్ళీ ఆగింది. ఎక్కడా డీజిల్ కారడం లేదు. కారకుండా గాలి ఎలా వస్తుంది? నాకున్న ఒకే ఒక్క విద్య లాగ్ రాయడం. ప్రతిసారీ ఎంతసేపు నడిచింది, ఎంత లోడు, ట్యాంకులో ఎంత డీజిల్ అని నోట్‌బుక్‌లో రాశాను. ఐదోసారి రాస్తుంటే కనిపించింది: ఆగిన ప్రతిసారీ ట్యాంకు సగానికి తక్కువ. నిండా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

సంగతేమిటంటే, జనరేటర్‌కి ట్యాంకు ఇంజిన్ పైన ఉంటుంది, డీజిల్ తనంతట తనే దిగుతుంది. బోటులో ట్యాంకు అడుగున పెట్టారు, పంపు పైకి పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో సన్న పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ట్యాంకు నిండా ఉంటే పీల్చే ఎత్తు తక్కువ, ఎలాగో నెట్టుకొస్తుంది. సగానికి దిగితే ఎక్కువ బలంగా పీల్చాలి, ఆ పగులు తెరుచుకుంటుంది. అమ్మినాయన నడిపి చూపించిన రోజు ట్యాంకు నిండా ఉంది. ఆయన కావాలని చేశాడో లేదో నాకు అనవసరం. సెకండ్ హ్యాండ్ బోటు చూడ్డానికి వెళ్తే మాత్రం పావు ట్యాంకుతో, కనీసం గంటసేపు, లోడుతో నడిపించి చూడండి. గొట్టం మార్చడానికి అయిన ఖర్చు ఒక సినిమా టికెట్టు అంత కూడా లేదు.

వేడెక్కడం సంగతి త్వరగా చెప్పేస్తాను. నేల మీద ఈ ఇంజిన్‌కి రేడియేటర్ ఉండేది. బోటులో అది తీసేసి ఏటి నీళ్ళే తిప్పుతున్నారు. ఎండాకాలం గుర్రపు డెక్క వేళ్ళు జాలీకి అడ్డం పడతాయి. వరదలో ఎర్రమట్టి. ఆ నీళ్ళు గరుకు కాగితంలా పంపు లోపలి రబ్బరు రెక్కల్ని అరగదీస్తాయి. రేవు చేరిన ప్రతిసారీ జాలీ తియ్యాలి, వెనక గొట్టంలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయా అని ప్రతి పది నిమిషాలకీ కళ్ళతో చూడాలి. అంతే.

అసలైనది గేర్‌బాక్స్ ఊళ. ఇది నాకు చాలా నచ్చిన తేడా. ఆగస్టులో గేర్‌బాక్స్ వెనక నుంచి సన్నగా ఏడుపు మొదలైంది, రోజురోజుకీ పెరిగింది. ఆయిల్ మార్చాం, తగ్గలేదు. తాళ్ళరేవులో బోట్లు కట్టే ఒక మేస్త్రీ గారికి చూపించాం. తాళ్ళరేవు, కోరంగి వైపు ఓడలు కట్టడం మొన్నమొన్నటిది కాదు. 1800 ప్రాంతంలో ఇంగ్లీషు యుద్ధనౌకల్ని కూడా కోరంగిలో రిపేరు చేసేవారు. తుఫాన్లు, మేట వేసిన మట్టి ఆ రేవుని మింగేశాయి కానీ పని చేతుల్లో మిగిలింది. మేస్త్రీ గారు గేర్‌బాక్స్ విప్పలేదు. షాఫ్టు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపారు. ఊగింది. "నెట్టుడు ఎవరు మోస్తున్నార్రా దీంట్లో?" అన్నారు.

ఆ ప్రశ్నలో మొత్తం ఉందండి. వ్యానులో గేర్‌బాక్స్ పని తిప్పడమే. బండిని ముందుకి నెట్టే బలం టైర్ల దగ్గర పుడుతుంది, గేర్‌బాక్స్ మీద పడదు. బోటులో ఫ్యాను నీళ్ళని వెనక్కి తోస్తే, ఆ ఎదురు తోపు షాఫ్టు పట్టుకుని ముందుకొస్తుంది. బోటు మొత్తాన్ని నెట్టే బలం అది. దాన్ని ఏదో ఒకటి మోసి బోటుకి అందించాలి. బోటు కోసమే చేసిన గేర్‌బాక్స్‌లో దానికి వేరే బేరింగ్ ఉంటుంది. వ్యాను గేర్‌బాక్స్‌లో ఉండదు. పాపం ఆ చివరి బేరింగ్, తనది కాని బరువు మోసి మోసి అరిగిపోయింది. ఆయన షాఫ్టు మధ్యలో ఒక దిమ్మ కట్టి, నెట్టుడుని ఆపే బేరింగ్ అందులో బిగించారు. ఇంజిన్ని, షాఫ్టుని ఒకే గీతలోకి తెచ్చారు, బోటు నీళ్ళలో ఉండగా, ఎందుకంటే ఒడ్డు మీద ఉన్నప్పటి వంపు వేరు, తేలుతున్నప్పటి వంపు వేరు. ఊళ ఆగింది.

నది చూసి ఇంజిన్ పెట్టిన ప్రయత్నాలు మన దగ్గర లేవని కాదు. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ బంగాళాఖాతం ప్రోగ్రామ్ అని మొదలుపెట్టింది. మన తూర్పు తీరంలో తీరానికి లాగే పడవల కోసం వాళ్ళొక డ్రైవ్ చేశారు. చిన్న డీజిల్ ఇంజిన్, షాఫ్టు, ఫ్యాను, మూడూ కలిపి ఒకే ముక్కగా, ఊయలలా పైకి లేచేట్టు. ఇసుక తగలబోతోంది అనగానే ఫ్యానుని ఎత్తెయ్యొచ్చు. ఇంజిన్ గాలితో చల్లబడేది, కాబట్టి బురద నీళ్ళతో పని లేదు. కరెక్టుగా ఆలోచించారు. కానీ సంతలో దొరికే పాత ఇంజిన్ ధరతో అది పోటీ పడలేదని నా అభిప్రాయం.

2019 సెప్టెంబరు 15 గురించి మాట్లాడకుండా ఈ ఎపిసోడ్ ముగించలేను. ఆదివారం. పాపికొండలు చూడ్డానికి వెళ్ళిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదారిలో మునిగిపోయింది. పదులమంది చనిపోయారు. అది ఇంజిన్ ఆగి జరిగింది అని నేను అనడం లేదు, ఆ తేడా స్పష్టంగా చెప్తున్నాను. నేను అప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని రోజూ ఆ వార్త చూసేవాణ్ణి. ఎన్నో బృందాలు ప్రయత్నించాక, 37 రోజుల తర్వాత, అక్టోబరు 22న బోటుని బయటికి లాగింది మన కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. ఏంతో? తాళ్ళు, లంగర్లు, ఒడ్డు మీద యంత్రం, నీళ్ళ అడుగుకి దిగే మనుషులు. ఆ లంగర్లు టీవీలో చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ పాత వీడియోలు మళ్ళీ చూస్తుంటే వాటి మీదే కళ్ళు పోతున్నాయి.

మన చట్టం కూడా చూడండి. ఏట్లో నడిచే యంత్రపు పడవలకి 1917లో చేసిన చట్టం పేరులోనే ఆవిరి ఉంది. దాన్ని మార్చి మార్చి వాడుకుని, చివరికి 2021లో కొత్త చట్టం తెచ్చారు. రిజిస్ట్రేషన్, తనిఖీ, లైఫ్ జాకెట్లు, అన్నీ అవసరమే, నేను వ్యతిరేకం కాదు. కానీ లంకకి అరటి గెలల కోసం వెళ్ళే మావయ్య బోటుని ఏ ఇన్‌స్పెక్టరూ రోజూ చూడడు. దాన్ని రోజూ చూసేది రేవులో కూర్చునే ఆ ముసలాయన ఒక్కరే.

గొట్టం మార్చాక, బేరింగ్ పడ్డాక, బోటు రెండు నెలలుగా ఒక్కసారి కూడా ఆగలేదు. పోయిన వారం లంగరు తిరిగి ఇద్దామని ఆయన ఇంటికి వెళ్ళాం. మావయ్య కొత్త లంగరు, నూట యాభై అడుగుల నైలాన్ తాడు కొన్నాడు, రెండు తెడ్లు, ఒక వెదురు గెడ కూడా. ముసలాయన మా కొత్త లంగరు ఫోటో చూసి, బరువెంత అని అడిగారు. చెప్పాం. "చాలదు. అది కూడా ఉంచండి" అని పాతది మళ్ళీ మా బండిలో పెట్టించారు.